నీ వంతు కోసం ఆగే ఆట దండగ కాదు

మొన్న సంక్రాంతికి మా ఊరు సిరికొండ పోయినప్పుడు మా ఇంటి అరుగు మీద ఒక పంచాయితీ నడిచింది. మా తమ్ముని కొడుకు నిజామాబాద్‌లో డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడికి ఒక వీడియో గేమ్ కావాలి. పేరు ‘క్లెయిర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’. ఫ్రాన్సులోని మాంపెల్యే నగరంలో శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ అనే చిన్న సంస్థ చేసింది. 2025 ఏప్రిల్ 24న విడుదలైంది. డిసెంబరులో జరిగిన గేమ్ అవార్డ్స్ సభలో ఆ ఏటి మేటి ఆటగా నిలిచి, మొత్తం తొమ్మిది బహుమతులు తీసుకుపోయింది. పాత్రలను నడిపిస్తూ కథలో ముందుకు పోయే ఆట ఇది. పోరు ఎదురైతే చదరంగంలో లాగా వంతు ప్రకారం ఎత్తులు వేయాలి. వీటిని టర్న్ బేస్డ్ రోల్ ప్లేయింగ్ గేములు అంటారు. నేను వంతులవారీ ఆటలు అంటాను.

పిల్లవాడు అడిగాడో లేదో, నాలుగు దిక్కుల నుంచి నాలుగు మాటలు లేచాయి. దుబాయి నుంచి వీడియో కాల్‌లో ఉన్న మా తమ్ముడు, “గన్ని పైసలు పెట్టి ఆట కొనుడేందిరా? ఫోన్ల ఫ్రీగ ఎన్ని దొర్కుతలేవు?” అన్నాడు. పక్కింటి పెద్దమనిషి, “ఆన్‌లైన్ ఆటలు సర్కారే బందు వెట్టింది గద, మళ్ల ఇదేంది?” అన్నాడు. పిల్లవాడి దోస్తు ఒకడు, “వంతులేసి ఆడుడు పాత పద్ధతి, బోర్ కొడ్తది” అని తీర్పు చెప్పేశాడు. ఇంకొకడు, “కొనుడెందుకు, క్రాక్ ఉంటది, నేనేస్త” అని ధైర్యం చెప్పాడు.

మా మరదలు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తూ అంతా విన్నది. చివరికి ఒకే ఒక మాట అడిగింది: “బావా, ఆ ఆట మంచిదే అయితది కావచ్చు. గిప్పుడు వీనికది పనికొస్తదా?”

నేను నిజామాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పదేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పినవాణ్ని. ఇరవై ఏళ్లకు పైగా ఈ వంతులవారీ ఆటలు ఆడుతున్నవాణ్ని. ఆ అరుగు మీద విన్న మాటల్లో నాలుగు తప్పు, ఒక్కటి ఒప్పు. ఆ నాలుగు మాటలు మా ఇంట్లోనే పుట్టినవి కావు. ఈ జిల్లాలో ఏ ఇంటికి పోయినా అవే వినిపిస్తాయి. అందుకే వాటిని ఇక్కడ బహిరంగంగా ఖండిస్తున్నాను.

ముందు ‘ఫ్రీ’ సంగతి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

ఆ రాత్రి పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాడు ఒప్పుకున్నాకే, వాడి ఫోన్‌లో రెండేళ్ల యూపీఐ చెల్లింపులు ఒక్కొక్కటే కాగితం మీదికి ఎక్కించాం. వాడు ఆడే ఒక ఉచిత ఆటకు ఓసారి 29 రూపాయలు, ఓసారి 89, పండుగ ఆఫర్ అని 159, పుట్టినరోజు నాడు 399. ఏదీ గుర్తు పెట్టుకునేంత పెద్దది కాదు. ఏ ఒక్కదాన్నీ ఇంట్లో ఎవరూ ప్రశ్నించలేదు. అన్నీ కూడితే నాలుగు వేలు దాటింది. ఆ నాలుగు వేలకు వాడికి దక్కినవి తుపాకీకి కొత్త రంగు, బొమ్మకు కొత్త అంగీ, కొన్ని పెట్టెలు తెరిచే అవకాశం. పిల్లవాడు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. “పెద్దబాపూ, ఇన్నా?” అన్నాడు. వాడికీ తెలియదు. తెలియకుండా ఉండేలాగే ఆ కొట్టు కట్టారు.

ఒక్కసారి మూడు వేలు అడిగితే ఇల్లంతా పంచాయితీ పెడుతుంది. ముప్పైసార్లు నూటయాభై చొప్పున జారిపోతే ఎవరికీ పట్టదు. ఉచిత ఆట వ్యాపారమంతా ఈ సందులోనే నడుస్తుంది. వెల చెప్పి అమ్మేవాడిని మనం దోపిడీదారు అంటున్నాం. వెల చెప్పకుండా గుంజేవాడిని ఉపకారి అంటున్నాం.

వంతులవారీ ఆటల్లోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. ‘హోంకై: స్టార్ రైల్’ అనే ఆట 2023 ఏప్రిల్ 26న వచ్చింది. దించుకోవడానికి పైసా అక్కర్లేదు. బొమ్మలు అందంగా ఉంటాయి, పోరు పద్ధతి బాగుంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ కొత్త వీరులు కావాలంటే లాటరీ లాగాలి. మేటి రకం వీరుడు పడే అవకాశం ఒక్కో లాగుకు నూటికి 0.6, అంటే వెయ్యి లాగులకు ఆరు. 90 లాగులకు ఒక్కటైనా తప్పక వస్తుందని హామీ ఉంది. వచ్చినవాడు నీవు కోరుకున్న వీరుడే అన్న హామీ మాత్రం మొదటిసారికి లేదు. తప్పితే మళ్లీ 90 దాకా పోవాలి. ఒక్కో లాగుకు ఆటలోని 160 రత్నాలు కావాలి. 90 లాగులకు 14,400 రత్నాలు, 180కి 28,800. రోజూ కూర్చుని ఆడితే కొన్ని రత్నాలు వస్తాయి. ఓపిక లేనివాడు డబ్బు పెట్టి కొనుక్కుంటాడు. రూపాయిని రత్నంగా, రత్నాన్ని టికెట్‌గా మార్చేసరికి ఎంత పోయిందో లెక్క తప్పిపోతుంది.

దసరా ముందు మన ఊళ్లల్లో ‘వంద కొట్టు, మేకను పట్టు’ అని లక్కీ డ్రా పెడతారు చూడండి. ఆ వంద పోతుందని తెలిసే ఇస్తాం. ఎన్ని చిట్టీలు రాశారో ఊరంతటికీ తెలుసు, మేక చెట్టుకు కట్టేసి కళ్లముందే ఉంటుంది. ఫోన్‌లో నడిచే లక్కీ డ్రాకు ఆ పాటి వెలుగు కూడా లేదు. పిల్లలు దాన్ని ఆట అని పిలుస్తున్నారు, పెద్దలు ఫ్రీ అని పిలుస్తున్నారు.

ఇంకో మాట. సర్వర్ మీద బతికే ఆట మన చేతిలో ఉండదు. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. దాని బదులు వచ్చిన బీజీఎంఐ 2021 జులైలో మొదలై, 2022 జులైలో యాప్ దుకాణాల నుంచి మాయమై, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. ఆ నిర్ణయాల మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కావు. అప్పటిదాకా తుపాకీ రంగులకు పెట్టిన డబ్బు నడుమ ఆ పది నెలల్లో ఎక్కడుంది, ఎవరిని అడగాలి అన్నదే నా ప్రశ్న. ఒక్కసారి కొని, ఒంటరిగా ఆడుకునే ఆటకు ఆ గండం తక్కువ. పూర్తిగా లేదని చెప్పను. స్టీమ్ లాంటి ఆన్‌లైన్ ఆటల దుకాణంలో మనం కొనేది ఆడుకునే అనుమతి మాత్రమేనని 2024 నుంచి ఆ దుకాణమే బిల్లు కట్టే చోట రాసి చూపిస్తోంది. జీఓజీ అనే మరో దుకాణం తాళం లేని ప్రతిని ఇస్తుంది, హార్డ్ డిస్కులో దాచుకుంటే అది నీదే. ఉదాహరణకు ‘బాల్డర్స్ గేట్ 3’ అనే వంతులవారీ ఆట అక్కడా దొరుకుతుంది. కొనేవాడికి ఈ తేడా తెలిసి ఉండాలి.

ఇక ‘పాత పద్ధతి’ అన్న మాట. ఈ మాట అన్న కుర్రవాడి మీద నాకు కోపం లేదు, వాడు ఆ ఆటల్లో ఒక్కటీ ఆడలేదు. కోపమంతా దాన్ని పదేపదే చెప్పి వాడి చెవిలో వేసినవాళ్ల మీద.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కాగితం, పాచికలతో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. 1981లో ‘విజర్డ్రీ’ ఆ పద్ధతిని కంప్యూటర్‌కు ఎక్కించింది. జపాన్‌లో 1986 మే నెలలో ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987 డిసెంబరులో ‘ఫైనల్ ఫాంటసీ’ వచ్చాయి. నిజమే, పాతదే. అయితే పాతది కావడం వేరు, కాలం చెల్లడం వేరు. ఫైనల్ ఫాంటసీ తయారు చేసేవాళ్లు కూడా వంతులు ఇక చెల్లవనుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన వాళ్ల పదహారో ఆట పూర్తిగా కత్తిదూసి పరుగెత్తే రకం. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 3న, బెల్జియం దేశంలోని గెంట్ నగరానికి చెందిన లారియన్ స్టూడియోస్ ‘బాల్డర్స్ గేట్ 3’ విడుదల చేసింది. అది పక్కా వంతులవారీ ఆట. ఆ ఏటి మేటి ఆట బహుమతి దానికే వచ్చింది. 2025లో ఎక్స్‌పెడిషన్ 33కు వచ్చింది. మూడేళ్లలో రెండుసార్లు అగ్రస్థానం దక్కిన పద్ధతిని కాలం చెల్లినదని ఎట్లా అంటారు?

మనకైతే వంతు కొత్తగా నేర్పాల్సిన సంగతి అసలే కాదు. శివరాత్రి జాగారానికి మా నాయనమ్మ వైకుంఠపాళి పటం పరిచేది. అష్టాచెమ్మకు గచ్చు మీద బొగ్గుతో గీతలు, చింతగింజలు ఒకవైపు అరగదీసి పాచికలు. గుడి మంటపాల బండల మీద పులిమేక గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పులులు కొన్నే, మేకలు ఎక్కువ. పులికి దూకే బలం, మేకలకు చుట్టుముట్టే బలం. ఎవరి బలం ఏమిటో తెలుసుకుని, ఎదుటివాడి ఎత్తు చూసి, తన ఎత్తు వేయాలి. బాల్డర్స్ గేట్‌లో నలుగురు వీరులతో నేను చేసేదీ అదే పని. ఆ బండ మీద కూర్చుని పొద్దంతా పులిమేక ఆడిన తాతను ఎవరూ బోర్ కొట్టలేదా అని అడగలేదు.

వేగంగా కదిలేదే ఆట అనుకోవడం వల్ల ఈ పొరపాటు వస్తోంది. వంతులవారీ ఆటలో చేయి ఆగి ఉంటుంది, బుర్ర ఆగదు. ఈ మంత్రం ఇప్పుడు వేయనా, వచ్చే వంతుకు దాచనా? గాయపడ్డవాడిని వెనక్కి తీయనా, వాడితోనే చివరి దెబ్బ కొట్టించనా? ఒక్క ఎత్తుకు పది నిమిషాలు ఆలోచించిన రాత్రులు నాకున్నాయి. ఆ పది నిమిషాలు నా జీవితంలో అతి తక్కువ బోర్ కొట్టిన నిమిషాలు.

నాకు ఈ ఆటల మీద ఇంత మమకారం ఎందుకో కూడా చెప్పాలి. ఇవి ఆగుతాయి. సిరికొండ లాంటి చోట పెరిగే పిల్లవాడికి అంతకన్నా పెద్ద గుణం ఏ ఆటకూ ఉండదు.

మా ఇంటి సాయంత్రం ఎట్లా ఉంటుందో చెప్తాను. పిల్లవాడు సెలవులకు వస్తే ఏడింటికి కూర్చుంటాడు. ఏడుంబావుకు తల్లి పిలుస్తుంది, నానబెట్టిన తునికాకు కత్తిరించాలి, పొద్దున కార్ఖానాకు లెక్క అప్పజెప్పాలి. ఎనిమిదింటికి దుబాయి నుంచి ఫోన్, తండ్రి డ్యూటీ దిగి వచ్చే సమయం అదే. ఎండకాలం గాలివాన వస్తే కరెంటు పోతుంది. మోటరు దగ్గరికి పోయి రమ్మని తాత కేకేస్తాడు. ఫోన్‌లో నలుగురు కలిసి కాల్చుకునే ఆటకు ఇవేవీ పట్టవు. అరగంట మ్యాచ్ మధ్యలో లేచిపోతే జట్టు ఓడిపోతుంది, దోస్తులు తిడతారు, మాటిమాటికీ లేస్తే ఆటే శిక్ష వేస్తుంది. అందుకే పిల్లలు తల్లి పిలిస్తే “ఆగవే” అని కసురుతున్నారు. తండ్రి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మనం దాన్ని పిల్లల బుద్ధి చెడిందని అంటున్నాం. ఆగడానికి వీల్లేని ఆటను ఫ్రీ అని చేతికిచ్చింది మనమే.

వంతులవారీ ఆటలో రాక్షసుడు కత్తి ఎత్తి నిలబడి ఉంటాడు. నీవు ఆకు కత్తిరించి, అన్నం తిని, నాన్నతో మాట్లాడి వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటాడు. నీ వంతు నీదే. ఎవరూ గుంజుకోరు.

చదువు సంగతి కూడా ఇక్కడే ఉంది. ఈ పెద్ద ఆటలు వేటికీ తెలుగు లేదు. ఇంగ్లీషులో వేల మాటలు చదవాలి. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన పిల్లవాడికి అది కొండ. అయినా వంతులవారీ ఆటలో చాలాచోట్ల మాట తెర మీద ఆగి ఉంటుంది, మీట నొక్కితేనే ముందుకు పోతుంది. నిఘంటువు చూసుకునే తీరిక ఉంటుంది. నేనూ అట్లాగే నేర్చుకున్నాను. మొదట్లో ఒక్కో పేజీకి ఐదారు మాటలు రాసుకునేవాణ్ని.

ఇక్కడ ఎక్స్‌పెడిషన్ 33 గురించి దాని అభిమానులు మెల్లగా చెప్పే ఒక సంగతిని నేను గట్టిగా చెప్పాలి. ఆ ఆట పూర్తిగా ఆగదు. నీ వంతులో కావలసినంతసేపు ఆలోచించుకోవచ్చు. శత్రువు వంతులో మాత్రం దెబ్బ పడే క్షణానికి సరిగ్గా మీట నొక్కి తప్పించుకోవాలి, లేదా తిప్పికొట్టాలి. పోరులో సగం గెలుపు ఆ క్షణం మీదే ఉంటుంది. తేలిక స్థాయి ఒకటి పెట్టారు, అందులో ఆ బిగువు కొంత తగ్గుతుంది. ఇది ఆటకు అందం తెచ్చిందనే నేనూ అంటాను. కానీ పులిమేక లాంటి నిదానం కోరి కొనేవాడు ఈ సంగతి తెలిసి కొనాలి. నీరసమైన లాప్‌టాప్‌లో బొమ్మ ఆగి ఆగి కదిలితే ఆ క్షణం అందనే అందదు.

పక్కింటి పెద్దమనిషి చెప్పిన నిషేధం సంగతికి జవాబు చిన్నది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. దేశమంతటికీ వర్తించే చట్టం 2025 ఆగస్టులో వచ్చింది, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆటలను అది నిషేధించింది. ఆ ఆటల వల్ల మన జిల్లాలోనూ ఇళ్లు కూలాయి, ఆ నిషేధాన్ని నేను మనసారా సమర్థిస్తాను. కానీ ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌నూ, పందెం లేని ఆటలనూ వేరుగా పెట్టి వాటిని ప్రోత్సహించాలని చెప్పింది. వెల కట్టి కొనుక్కున్న కథలో పందెం లేదు, గెలిచే డబ్బు లేదు, పోగొట్టుకునే డబ్బూ లేదు. పేకాటనూ పులిమేకనూ ఒక గాటన కట్టకూడదని మన తాతలకు ఏ చట్టం లేకుండానే తెలుసు.

క్రాక్ అంటే తాళం విరగ్గొట్టిన దొంగ ప్రతి. దాని సంగతికి దీనికన్నా తక్కువ చోటు చాలు. 2024 డిసెంబరు 31న కొందరు దుండగులు పేరున్న ఆటల క్రాక్ ప్రతుల్లో దొంగ ప్రోగ్రామ్ దాచి వదిలారని కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. ఆ ప్రతి ఎక్కించుకున్నవాడి కంప్యూటర్ వాడికి తెలియకుండా ఎవడికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టింది. తండ్రి దుబాయి నుంచి పంపిన డబ్బుతో కొన్న లాప్‌టాప్, అందులోనే బ్యాంకు ఖాతా, అందులోనే కాలేజీ ప్రాజెక్టు. దాని తాళం ముక్కూ ముఖం తెలియనివాడికి ఇవ్వడాన్ని పొదుపు అంటారా? పైగా ఈ ఆటలు చేసేవి చిన్న బృందాలు. శాండ్‌ఫాల్‌లో ప్రధాన బృందం ముప్పై మంది చిల్లర, బయటి నుంచి సాయపడ్డవాళ్లు ఇంకా చాలామంది. వాళ్ల కూలి ఎగ్గొట్టడం బీడీ కార్ఖానావాడు కట్టకు ఇన్ని బీడీలు తరుగు తీయడం లాంటిదే. ఆ తరుగు బాధ ఏమిటో మా మరదలిని అడగండి.

ఇంతవరకు వద్దన్నవాళ్లకు జవాబు చెప్పాను. కొనాల్సిందే అన్నవాళ్ల వాదన కూడా అంతే తప్పు. పిల్లవాడు నా దగ్గరికి మూడు సాక్ష్యాలు తెచ్చాడు. విమర్శకుల సగటు మార్కులు తొంభై దాటాయన్నాడు. మూడు రోజుల్లో పది లక్షల ప్రతులు అమ్ముడయ్యాయన్నాడు. గంటకు లెక్కేస్తే సినిమా టికెట్ కన్నా చవక అన్నాడు.

మార్కులు ఆట గురించి చెప్తాయి. నీ గురించి, నీ కంప్యూటర్ గురించి, నీ తీరిక గురించి ఒక్క ముక్క చెప్పవు. మార్కులు వేసినవాడి దగ్గర లక్షల రూపాయల యంత్రం ఉంది, ఆట ఆడటమే వాడి ఉద్యోగం. అమ్మకాల లెక్క అమ్మినవాడికి సంతోషం, కొనేవాడికి దానితో పనిలేదు.

గంట లెక్క ఇంకా పెద్ద మోసం, ఎందుకంటే అది వినడానికి నిజంలా ఉంటుంది. బాల్డర్స్ గేట్ 3 మన దేశంలో 2,999 రూపాయలకు అమ్మకానికి వచ్చింది. వంద గంటల ఆట. గంటకు ముప్పై రూపాయలు, ఎంత చవక! కానీ ఆ వంద గంటలు పిల్లవాడి దగ్గర ఉన్నాయా? వారానికి నాలుగు గంటలు దొరికితే పాతిక వారాలు, అంటే ఆరు నెలలు. నడుమ సెమిస్టర్ పరీక్షలు, ప్రాజెక్టు. పదిహేను గంటలాడి వదిలేస్తే అది గంటకు రెండు వందలు. డబ్బా మీద రాసిన గంటలతో లెక్క కట్టకూడదు, ఆడబోయే గంటలతో కట్టాలి. ఆ లెక్కలో ముప్పై గంటల్లో కథ ముగిసే ఎక్స్‌పెడిషన్ 33 చాలామందికి బాల్డర్స్ గేట్ కన్నా గిట్టుబాటు.

దుకాణం ఇచ్చే వాపసు హామీని కూడా అందరూ అభయహస్తంలా చూపిస్తారు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపల, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే, డబ్బు తిరిగి ఇస్తారు. మంచి నియమం. అది హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవాడికి మంచి నియమం. బాల్డర్స్ గేట్ 3కు 150 జీబీ చోటు కావాలి, ఎక్స్‌పెడిషన్ 33కు 55 జీబీ. రోజుకు 2 జీబీ ఫోన్ ప్యాక్ మీద బతికే ఇంట్లో 14 రోజులకు వచ్చేది 28 జీబీ. మొదటి ఆట దిగడానికి 75 రోజులు, రెండోది దిగడానికి 28 రోజులు. ఆట తెర మీద కనబడక ముందే వాపసు గడువు తీరిపోతుంది. దించుకునే దారి ముందు చూసుకోకుండా కొనవద్దు. నిజామాబాద్‌లో హాస్టల్ వైఫై ఉన్నప్పుడో, ఫైబర్ ఉన్న బంధువుల ఇంట్లోనో దించుకునే వీలుంటే అప్పుడే కొను.

విడుదల రోజే కొనాలన్న తొందర నాకు అసలే అర్థం కాదు. మన పసుపు రైతు తొమ్మిది నెలలు పంట కాసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ యార్డులో ధర నచ్చకపోతే బస్తాలు ఆపుకుంటాడు. అమ్మేవాడికే అంత ఓపిక ఉంటే కొనేవాడికి ఎంత ఉండాలి! ఈ ఆటలు పాడైపోయే సరుకు కావు. వేసవిలో, చలికాలంలో దుకాణాలు ధర దించుతాయి. ఈలోగా తయారీదారు తప్పులు దిద్దుతాడు. ఒంటరి ఆట కాబట్టి వెనకబడతామన్న భయం లేదు, ఏడాది ఆగినా రాక్షసుడు అక్కడే ఉంటాడు. కొన్ని ఆటలకు ఉచిత నమూనా కూడా ఉంటుంది. ‘డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్’ నమూనా పది గంటల దాకా నడుస్తుంది, నచ్చి కొంటే ఆపిన చోటి నుంచే ఆడుకోవచ్చు. అమ్మేవాడు తన సరుకు మీద నమ్మకంతో రుచి చూపిస్తున్నప్పుడు చూడకుండా డబ్బు కట్టడం ఎందుకు?

మళ్లీ మా మరదలి మాటకు వస్తాను. ‘గిప్పుడు వీనికది పనికొస్తదా?’ ఆమె వెల అడగలేదు. ఆ వెల ఎన్ని వేల బీడీలో ఆమెకు చెప్పాల్సిన పని లేదు, చేతివేళ్లకు తెలుసు. మంచిదా చెడ్డదా అనీ అడగలేదు. ఈ పిల్లవాడు, ఈ యంత్రం, ఈ సమయం, వీటికి ఇది కుదురుతుందా అని అడిగింది. ఆట కొనడానికి ముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. అరుగు మీద నలుగురం మగవాళ్లం అరుస్తుంటే ఆమెకే అది తట్టింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతికితే తెల్లారి పావుగంటలో తేలిపోయింది. ఎక్స్‌పెడిషన్ 33 నడవాలంటే కనీసం జీటీఎక్స్ 1060 స్థాయి, 6 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. పిల్లవాడిది కాలేజీ పనికి కొన్న మామూలు లాప్‌టాప్, విడిగా కార్డే లేదు. అందులో ఆ ఆట నడవదు, బాల్డర్స్ గేట్ కూడా నడవదు. ఎవరి వాదన నెగ్గినా కొన్న ఆట తెరుచుకునేదే కాదు. కాబట్టి నా తీర్పు: ఎక్స్‌పెడిషన్ 33 మంచి ఆట, డబ్బుకు తగిన ఆట, వీడు ఇప్పుడు కొనకూడని ఆట. చదువు ముగిసి సొంత సంపాదనతో తగిన యంత్రం కొన్ననాడు, అప్పటికి ధర కూడా దిగి ఉంటుంది, నిశ్చింతగా కొనవచ్చు.

వాడి మొహం చిన్నబోయింది. అయితే వట్టి చేతులతో పంపలేదు. ‘చెయిన్డ్ ఎకోస్’ అనే ఆట ఉంది, 2022 డిసెంబరు 8న వచ్చింది. జర్మనీకి చెందిన మథియాస్ లిండా ఏళ్ల తరబడి కూర్చుని దాదాపు ఒంటిచేత్తో చేశాడు. పాతకాలపు చిన్న చిన్న చుక్కల బొమ్మలు, పెద్ద కథ, పూర్తిగా వంతుల మీద నడిచే పోరు. సమయానికి మీట నొక్కే పని లేదు. మామూలు లాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది, దించుకోవడానికి కొద్ది జీబీలే. వెల పెద్ద ఆటల్లో సగం కూడా లేదు. ఒక్క షరతు పెట్టాను: ఉచిత ఆటకు ఇక ఒక్క రూపాయి కూడా కట్టకూడదు. వాడు ఒప్పుకున్నాడు. తండ్రి దుబాయి నుంచి “సరే అన్నా, నువ్వు చెప్పినట్టే కానీ” అన్నాడు.

ఈ వ్యాసం చదువుతున్న తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. పిల్లవాడు ఫలానా ఆట కొనిపెట్టమని అడిగితే వెల విని గుండె మీద చేయి వేసుకోకండి. ముందు వాడి పక్కన కూర్చుని, తిట్టకుండా, రెండేళ్ల యూపీఐ లెక్క తీయండి. కూడిక కాగితం మీద వాడి చేతనే వేయించండి. తర్వాత లాప్‌టాప్ సత్తువ, దించుకునే దారి, వారానికి దొరికే గంటలు చూడండి. అవి కుదిరితే వెల కట్టి కొనివ్వండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో వాడికి చెప్పండి, కుదిరేది ఏదో కలిసి వెతకండి.